పదకొండు సెకన్ల దొంగ

"ఈ కుర్చీని ఎవరో ముందుకి జరిపారు," అన్నారు మావారు, ఆఫీసు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా.

"ఊడ్చేటప్పుడు జరిగి ఉంటుంది," అన్నాను.

"ఊడిస్తే వెనక్కి జరగాలి."

"ముందుకి జరిపి ఊడిస్తే ముందుకే జరుగుతుంది."

"ఊడ్చాక మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి కదా."

"ఆ యథాస్థానం ఏదో సుద్దముక్కతో నేలమీద గీసిపెట్టండి. రోజూ కొలిచి పెడతాను."

ఇలా కుర్చీ దగ్గర మొదలైన మాట నిరుడు పోయిన గొడుగు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మా తమ్ముడి క్రాపు మీదికి మళ్ళి, ఊరంతా తిరిగి మళ్ళీ కుర్చీ దగ్గరికే వచ్చి ఆగింది. అప్పుడు మావారు చూపుడువేలు పైకెత్తి ప్రకటించారు.

"మామూలు మనిషి కుర్చీని చూస్తాడు. నేను కుర్చీ వెనకున్న కుట్రని చూస్తాను. ఈ కళ్ళ నుంచి ఇంతవరకూ ఏ నేరస్థుడూ తప్పించుకోలేదు."

అది నిజమే. తప్పించుకోవాలంటే ముందు ఒక్క నేరస్థుడైనా ఆ కళ్ళముందుకి రావాలి.

మావారు వాహన బీమా ఆఫీసులో గుమాస్తా. సొట్టపడ్డ కార్ల ఫోటోలు ముందేసుకుని, దరఖాస్తులో రాసిన సొట్టా ఫోటోలో సొట్టా ఒకటేనా అని చూసి టిక్కు పెట్టడం ఆయన పని. పద్దెనిమిదేళ్ళు టిక్కులు పెట్టేసరికి తాను పుట్టు డిటెక్టివునన్న నమ్మకం కుదిరింది. గొడుగు కేసులో పన్నెండు రోజులు దర్యాప్తు చేసి ఎదురింటి లెక్కల టీచరుగారిని అనుమానించారు. పదమూడో రోజు వాన పడితే, ఆఫీసు అటెండరు ఆ గొడుగు వేసుకునే వచ్చి ఇచ్చిపోయాడు. పాలగిన్నె కేసులో దోషి పిల్లి అని తేలింది గానీ, పిల్లి వెనక ఎవరున్నారన్నది ఇప్పటికీ పరిశోధనలోనే ఉంది.

ఆ సాయంత్రం ప్రకటన అయ్యాక ఆయన కుర్చీని రెండంగుళాలు వెనక్కి లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. దాని సంగతి కాస్త చెప్పాలి. ముందుగదిలో బల్ల అంచుకి మరతో బిగించిన స్టీరింగు ఉంది. బల్ల కింద మూడు పెడళ్ళు ఉన్నాయి. అవి జారిపోకుండా గోడకీ వాటికీ మధ్య నా కాలేజీ నాటి నిఘంటువు అడ్డం పెట్టారు. ఆడేది ర్యాలీ ఆట. మామూలు ఆట కాదు. మట్టిరోడ్డు, కంకర, మంచు, అన్నీ అచ్చంగా ఉంటాయి. రాయికి కొట్టుకుంటే కారు చక్రం వంకరపోతుంది, ఇక ఆ వంకర చక్రంతోనే చివరిదాకా వెళ్ళాలి. పక్కసీటులో ఒకాయన కూర్చుని, ముందు ఏ మలుపు ఎంత వంపుతో వస్తుందో కాగితం చూసి అంకెల్లో చదువుతూ ఉంటాడు. మావారు ఆరేళ్ళుగా ఆడుతున్నారు. అడవిదారిలో పద్నాలుగు కిలోమీటర్లు తొమ్మిది నిమిషాల పద్నాలుగు సెకన్లలో నడిపారు. అది ఆయన జీవిత సాఫల్యం.

"ఇదేమిటి?" అన్నారు కాసేపటికి.

తెరమీద ఆయన పేరు పక్కనే తొమ్మిది నిమిషాల మూడు సెకన్లని ఉంది. అదే రోజు, మధ్యాహ్నం మూడుంబావుకి. ఆ వేళకి ఆయన ఆఫీసులో ఎవరి బంపరుకో టిక్కు పెడుతున్నారు.

"ఎవడో నా పేరుతో, నా కారుతో, నాకంటే పదకొండు సెకన్లు ముందు వెళ్ళాడు," అన్నారు. "ఇది నేరం. ఇదొక అంతర్జాతీయ ముఠా పని."

ఆ అంతర్జాతీయ ముఠాని నేనే. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను.

రెండు నెలల కిందటి మాట. ఆయన ఆట కట్టేయకుండా ఆఫీసుకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం స్టీరింగు మీద దుమ్ము తుడుస్తుంటే తెర వెలిగింది. అడవి, ఎర్రమట్టి దారి, దారికి అడ్డంగా ఆగి ఉన్న కారు. దాన్ని అక్కణ్ణుంచి ఎవరో ఒకరు తీయాలి కదా అనిపించింది. ఈ ఇంట్లో దారికి అడ్డంగా ఏదున్నా తీసేది నేనే. మొదటి రోజు పద్నాలుగు కిలోమీటర్లకి ముప్ఫై ఒక్క నిమిషాలు, తొమ్మిది చెట్లు, ఒక వాగు అయ్యాయి. నాకు పని అలా వదిలేయడం చేతకాదు. మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. రోజుకి ఒకే మలుపు, నలభైసార్లు. చెట్టుని చూస్తే కారు చెట్టు మీదికే పోతుందని తెలిసింది. బ్రేకు మలుపులో కాదు, మలుపుకి ముందే వేయాలని తెలిసింది. కంకరమీద కారు జారుతుంది, దాన్ని ఆపబోతే పల్టీ కొడుతుంది. ఎంత జారుతుందో ముందే అనుకుని వదిలేస్తే, అదే చక్కగా తిరుగుతుంది.

టైము నమోదుకాని ప్రాక్టీసులోనే ఎప్పుడూ ఆడేదాన్ని. ఆ రోజు మధ్యలో కుళాయి కట్టేయడానికి వెళ్ళొచ్చిన తొందరలో వేలు పక్కనున్న పోటీ బటనుమీద పడింది.

తెలిస్తే మావారు కోప్పడతారని కాదు నా భయం. ఆయన కోపం కాఫీతో పోతుంది. తెలిస్తే నేర్పిస్తారు. అదీ భయం. పెళ్ళయిన కొత్తలో స్కూటరు నేర్పుతానని వెనక ఎక్కి కూర్చున్నారు. క్లచ్చి ఎందుకు, గేరు ఎప్పుడు, అద్దం ఎలా, ఎదురుగా వచ్చే ఆవు మనస్తత్వం ఏమిటి, అన్నీ చెవిలో చెప్పారు. మూడు వారాలయ్యాక స్కూటరు చూస్తేనే తలనొప్పి వచ్చేది. ఇప్పటికీ నేను స్కూటరు ఎక్కను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఈ ఇంట్లో నాకు ఎవరూ ఏదీ నేర్పని రెండు గంటలు. అవి పోగొట్టుకోదలుచుకోలేదు.

అంతలో కంప్యూటరు టింగుమంది. మావారిలాంటి మేధావులు ముప్ఫైమంది కలిసి ఇంటర్నెట్టులో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దాని ప్రెసిడెంటు ఉత్తరం రాశాడు. ఈ టైము చూసి అందరూ దిమ్మెరపోయారట. ఆదివారం ఫైనలుకి జట్టు తరఫున మావారినే పంపిస్తున్నారట.

"మంచిదేగా," అన్నాను.

"అమాయకురాలివి. ఆదివారం నేను నడిపితే తొమ్మిది పద్నాలుగే వస్తుంది. అప్పుడు అందరూ ఏమంటారు? ఆ టైము దొంగటైము అంటారు. నా పరువు తీయడానికి శత్రువు వేసిన ఎత్తు ఇది."

ఒకరి పరువు తీయడానికి ఇంత బాగా కారు నడిపిన శత్రువు చరిత్రలో లేడు.

"ఆదివారంలోగా వాణ్ణి పట్టుకుంటాను," అన్నారు. "పట్టుకోలేకపోతే ఈ స్టీరింగూ పెడళ్ళూ అమ్మేస్తాను. క్లబ్బుకి రాజీనామా చేస్తాను. ఇది నా శపథం."

దొంగ దొరికితే పాఠాలు. దొరక్కపోతే స్టీరింగే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు దర్యాప్తు మొదలైంది. ఆఫీసుకి వెళ్తూ ఆయన ఎవరూ చూడకుండా పెడళ్ళమీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి వెళ్ళారు. పాదముద్ర పడుతుందని. మధ్యాహ్నం నేను వచ్చి చూసేసరికి బల్ల కిందంతా తెల్లగా ఉంది. మురికి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఇది ఉచ్చేమో అన్న ఆలోచన వచ్చేలోపు తడిగుడ్డ పెట్టేశాను.

సాయంత్రం ఆయన భూతద్దం పట్టుకుని బల్ల కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు.

"చూశావా?" అన్నారు బయటికి వచ్చి, మోకాళ్ళు దులుపుకుంటూ. "ఒక్క రేణువు లేదు. మూలల్లో కూడా తుడిచాడు. ఇంత శుభ్రంగా తుడిచేవాడు మామూలు దొంగ కాదు. చెయ్యి తిరిగినవాడు."

"నిజమే. మూలల్లో తుడవడం అందరికీ రాదు," అన్నాను. ఈ ఇంట్లో నా పనిని ఇంతగా ఎవరూ మెచ్చుకోలేదు. కాస్త సంతోషం కూడా వేసింది.

రెండో రోజు టేపు తీశారు. కుర్చీ ముందుకి జరిగిందంటే నేరస్థుడు పొట్టివాడని సిద్ధాంతం. మా అత్తయ్యని గోడకి నిలబెట్టి కొలిచారు.

"నాలుగడుగుల పదకొండంగుళాలు," అన్నారు అనుమానంగా. "అమ్మా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నువ్వెక్కడున్నావు?"

"మంచంమీద."

"సాక్షులున్నారా?"

"నిన్ను కన్నప్పుడు ఉన్న సాక్షులే పోయారు, పడుకున్నందుకు సాక్షులెక్కణ్ణుంచి తెస్తానురా? అడ్డు లే, నీళ్ళు తాగాలి."

టేపు చుట్టేస్తుంటే, "నన్ను కొలవరా?" అని అడిగాను. నేనుగా అడగడం ఒకరకంగా తెగింపే.

"నువ్వెందుకు? మనం వెతికేది కారు నడిపేవాణ్ణి," అన్నారు జాలిగా.

మిగిలింది మా తమ్ముడు. వాడు డ్రైవింగు స్కూల్లో మాస్టారు. వారానికి రెండుసార్లు మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. మావారి దృష్టిలో ఇంకేం కావాలి, ఉరితాడు తప్ప. శుక్రవారం సాయంత్రం వాడు రాగానే చెప్పులు విడవనివ్వకుండా స్టీరింగు ముందు కూర్చోబెట్టారు.

"నడుపు," అన్నారు. "నీ చెయ్యే నిన్ను పట్టిస్తుంది."

తమ్ముడు భుజంమీదుగా వెనక్కి తడుముకున్నాడు. "సీటు బెల్టేదీ బావగారూ?"

"ఇది కంప్యూటరయ్యా. బెల్టుండదు."

"బెల్టు లేకుండా బండి తీయకూడదు. సరే, ఇండికేటరెక్కడ?"

"ర్యాలీ కారుకి ఇండికేటరేమిటి?"

"మరి మలుపు తిరుగుతున్నానని వెనకవాడికెలా తెలుస్తుంది?"

"వెనక ఎవడూ లేడు."

"అందరూ అలాగే అనుకుంటారు బావగారూ," అన్నాడు తమ్ముడు, పాతికమంది విద్యార్థులకి చెప్పే గొంతుతో. ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. హారను లేదని నోటితో కొట్టాడు. వంతెన ముందు గేరు తగ్గించి, అటూ ఇటూ చూసి, అడవికి దారిచ్చి మరీ కదిలాడు. పక్కసీటాయన మొదట మలుపులు చదివాడు, తర్వాత చదివిందే చదివాడు, ఆ తర్వాత పాపం మానేశాడు. పద్నాలుగు కిలోమీటర్లూ యాభై రెండు నిమిషాల్లో పూర్తయ్యాయి. కారుమీద గీత పడలేదు.

మావారు చేతులు వెనక్కి కట్టుకుని గదిలో రెండుసార్లు పచార్లు చేశారు.

"ఇంత నెమ్మదిగా నడపడం మానవమాత్రుడికి సాధ్యం కాదు," అన్నారు. "నటిస్తున్నాడు."

"అక్కా, నన్నంటే అనొచ్చు. మా స్కూలు పద్ధతిని నటనంటే ఊరుకోను."

"ఊరుకోరా. భోజనం అయ్యేదాకా ఊరుకో," అన్నాను.

"భోజనం తర్వాత," అన్నారు మావారు. "ముందు నేర పునర్నిర్మాణం. అమ్మా, నువ్వు ఆ సోఫాలో కూర్చో. నువ్వూ పక్కన కూర్చోవయ్యా. ఎవరూ కదలొద్దు." తర్వాత నావైపు తిరిగారు. "కుర్చీలో కూర్చోవడానికి ఈ కేసుతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలి. నువ్వు రా."

వెళ్ళి కూర్చున్నాను. కుర్చీ దూరంగా ఉంది. ముందుకి లాక్కోకుండా నన్ను నేను ఆపుకోవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

"అందదు నీకు. ముందుకి జరుగు," అన్నారాయనే. "ఆఁ, అలా. నేరస్థుడు చప్పుడు బయటికి రాకుండా చెవులకి ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాడు. పెట్టుకో. స్టీరింగు పట్టుకో. కాలు పెడలుమీద పెట్టు. భయపడకు, ఏమీ కాదు. ఊరికే బొమ్మలా కూర్చో."

ఆయన నాకూ తెరకీ వీపుపెట్టి, సోఫావైపు తిరిగి, బల్ల చివరకి ఆనుకుని నిలబడ్డారు. ఉపన్యాసానికి అనువైన భంగిమ. మోచెయ్యి వెళ్ళి కీబోర్డుమీద ఆనింది.

తెరమీద అడవి వచ్చింది. ఐదు, నాలుగు, మూడు అని అంకెలు పడుతున్నాయి. ప్రాక్టీసు కాదు, అసలు పోటీ.

ఆ మూడు సెకన్లలో నా పథకం నేను వేసుకున్నాను. కాలు తీసేస్తే చాలు, కారు కదలదు. కానీ ఆ అంకెలు సున్నాకి వచ్చేసరికి కాలు తనపని తాను చేసేసింది. సరే, మొదటి మలుపులోనే ఒక మద్దిచెట్టు ఉంది, పాత పరిచయమే, దానికి గుద్దేస్తే పీడా పోతుంది అనుకున్నాను. చెట్టు వస్తోంది. చెవిలో పక్కసీటాయన ఎడమ మూడు అన్నాడు. నేను చెట్టునే చూడాలి. చూస్తే చాలు, అదే వస్తుంది. కానీ నా కళ్ళు దారిమీదికి పోయాయి.

రెండో మలుపులో లోయ ఉంది. అక్కడ దూకేద్దామనుకున్నాను. చేతులు వినలేదు. రెండు నెలలు నలభైసార్ల చొప్పున దిద్దుకున్న దారిని చేతులారా చెడగొట్టడం నా వల్ల కాలేదు. చెడగొట్టడం కూడా ఒక విద్యే, అది నేను నేర్చుకోలేదు. నాలుగో మలుపు దాటాక ఇక ప్రయత్నించడం మానేశాను.

చెవులకి పెట్టుకున్న వాటి సందులోంచి మావారి గొంతు లీలగా వినిపిస్తూనే ఉంది. "నేరస్థుడికి నరాలు ఉక్కుతో చేసి ఉంటాయి... కరడుగట్టిన మనిషి... జాలీ దయా ఉండవు..." సోఫాలో అత్తయ్యా తమ్ముడూ కళ్ళార్పడం లేదు. తమ్ముడి నోరు తెరుచుకునే ఉంది. ప్రతి మలుపుకీ వాడి కుడికాలు దానంతట అదే నేలమీద బ్రేకు తొక్కుతోంది. మావారికి ఇంత ఏకాగ్రతతో వినే శ్రోతలు జన్మలో దొరకలేదు. దాంతో ఇంకా లీనమై, గొడుగు కేసు కూడా మొదటినుంచి చెప్పారు.

వంతెన, గతుకులు, చివరి రెండు కిలోమీటర్ల వాలు అన్నీ దాటి కారు గీత దాటి ఆగింది. చెవులవి తీసేశాను. ఎనిమిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు.

తమ్ముడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మావారు తల వంచి స్వీకరించారు. తర్వాతే వాడి చూపు తనమీద లేదని గమనించి వెనక్కి తిరిగారు. తెరమీద ఆయన పేరు, పక్కన కొత్త టైము.

"చూశారా," అన్నారు. "మనందరి కళ్ళముందే. మనం గదిలో ఉండగానే. బయటినుంచి కంప్యూటరులోకి చొరబడి నడిపేశాడు."

"బావగారూ," అన్నాడు తమ్ముడు. "ఒక్కసారి అక్క చేతులు చూడండి."

నా చేతులింకా స్టీరింగు మీదే ఉన్నాయి. మావారు చేతుల్ని చూశారు, కాళ్ళని చూశారు, కుర్చీని చూశారు. భూతద్దం అవసరం పడలేదు.

"నువ్వా?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలల్నుంచి."

ఆయన తల్లివైపు తిరిగారు, ప్రపంచంలో మిగిలిన ఒక్క సాక్షిలాగా. "అమ్మా, నీకు తెలుసా?"

"తెలుసు. రోజూ మధ్యాహ్నం అయ్యో జారింది, అమ్మయ్య తిరిగింది అని ఒకటే గొణుగుడు. నిద్రెక్కడ పడుతుంది?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నా ఎత్తు కొలిచావు గానీ, ఆ మాట అడగలేదుగా."

భోజనాల దగ్గర సగం తిన్నాక మావారు తేరుకున్నారు. తేరుకున్నారని ఎలా తెలిసిందంటే, వెన్ను నిటారు చేశారు.

"మొత్తానికి కేసు తేలింది," అన్నారు. "ఆ మోచెయ్యి పొరపాటున తగిలిందని మీరనుకుంటున్నారు. అనుకోండి. మహామహుల పథకాలు అలాగే ఉంటాయి."

తమ్ముడు కూర వడ్డించుకున్నాడు.

"ఇంకో సంగతి. చెయ్యి బాగానే ఉంది నీకు," అన్నారు నావైపు తిరిగి. "కానీ శాస్త్రం తెలియదు. అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. రేపట్నుంచి రోజూ రెండు గంటలు నీకు దగ్గరుండి నేర్పిస్తాను. ముందు క్లచ్చితో మొదలుపెడదాం."

గరిటె గిన్నెలో పెట్టేశాను.

"నేనూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఎల్లుండి ఫైనలు నేనే నడుపుతాను, నా పేరుతోనే. ఆ సంగతి ప్రెసిడెంటుగారికి భోజనం కాగానే మీరే రాయండి. రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఆ గది నాది. ఆ వేళలో అక్కడికి ఎవరూ రారు, ఎవరూ నాకేమీ నేర్పరు. స్టీరింగు అమ్మకం లేదు."

"మరి నేనో?"

"మీకు సాయంత్రం ఆరింటినుంచి. ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే అడగండి, చెప్తాను."

అత్తయ్య తల వంచుకుని అన్నం కలుపుతున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మావారు కూర అటూ ఇటూ జరిపారు. పప్పు ముట్టుకోలేదు. చివరికి ఎవరికీ వినపడకూడదన్నట్టు నావైపు వంగారు.

"ఆ నాలుగో మలుపులో బ్రేకు ఎక్కడ వేస్తున్నావు? ఊరికే, దర్యాప్తు కోసం."

"ముందు భోంచేయండి," అన్నాను. "దర్యాప్తుకి రేపు ఆరింటికి రండి."